ఆయాసం వెనుక దాగిన కుంగుబాటు

ప్రశ్న: మా వారి వయసు 67 ఏళ్ళు. ఏడేళ్ళుగా సీవోపీడీ (గాలి గొట్టాలు సన్నబడి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. పొగ తాగడం మానేసి ఐదేళ్ళయింది. నాలుగు నెలల క్రితం ఆయాసం బాగా ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి గది దాటి రావడం లేదు. స్నేహితులు ఫోను చేసినా ఎత్తడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. పీల్చే మందు ఒక పూట వాడితే మరో పూట మానేస్తున్నారు. ఊపిరితిత్తుల పరీక్ష నిరుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని డాక్టరు గారు చెప్పారు. కానీ నిరుడు సొంతంగా చేసుకున్న పనుల్లో సగం కూడా ఇప్పుడు చేసుకోలేకపోతున్నారు. "నా చేజేతులా తెచ్చుకున్నాను, ఇంక నేనుండి ఎవరికి లాభం" అంటున్నారు. అంత జబ్బున్న మనిషికి దిగులు సహజమేనని, ధైర్యం చెబితే చాలని మా అబ్బాయి అంటాడు. బంధువు ఒకరు నిద్రమాత్రలు ఇవ్వమంటున్నారు. ఇది ఊపిరితిత్తుల జబ్బు వల్లనా, మనసుకు వచ్చిన జబ్బా? మనసుకు మందులు వాడితే ఊపిరికి ప్రమాదమా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ వారికి ఊపిరితిత్తుల జబ్బుతో పాటు కుంగుబాటు (డిప్రెషన్) కూడా వచ్చి ఉండే అవకాశం బలంగా కనిపిస్తోంది. చూడకుండా దాన్ని నిర్ధారించడం సరికాదు కాబట్టి, వైద్యుల చేత పరీక్ష చేయించడం అవసరం. అయితే ఆ పరీక్ష కోసం ఎదురుచూడకుండా ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది, ముందు దాని గురించి చెబుతాను.

"నేనుండి ఎవరికి లాభం" అన్న మాటను విసుగులో వచ్చిన మాటగా వదిలేయకండి. పక్కన ఎవరూ లేని సమయం చూసి, ఆయన దగ్గర కూర్చుని, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు, కానీ అడగడం వల్ల ఆ ప్రమాదం పెరగదని ఈ రంగంలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరితోనూ చెప్పుకోలేక లోపల దాచుకున్న మాటకు దారి దొరికి, చాలామందికి బరువు కొంత తగ్గుతుంది కూడా. వస్తోందని ఆయన అంటే వాదించకండి, ఒట్టు వేయించుకోకండి. ఎలా చేసుకోవాలని అనుకున్నారో అడగండి, మాత్రలన్నీ మీ చేతిలోకి తీసుకోండి, ఆయనను ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుల దగ్గరికి గానీ అత్యవసర విభాగానికి గానీ తీసుకువెళ్ళండి. రాలేదని ఆయన చెప్పినా, వారం లోపల వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది, పరీక్ష ఫలితం మారకపోయినా మనిషి మారిపోయాడన్న మీ గమనింపు. ఊపిరి పరీక్షలో వచ్చే అంకె గాలి గొట్టాలు ఎంత సన్నబడ్డాయో చెబుతుంది. ఆ మనిషి రోజంతా ఎంత ఆయాసపడతాడో, ఎంత దూరం నడవగలడో, బతుకు మీద ఎంత ఆశ ఉందో ఆ అంకె చెప్పలేదు. ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరు రోజూ బయటికి వెళ్ళి వస్తుంటే మరొకరు మంచం దిగకుండా ఉండటం మాకు అలవాటైన దృశ్యమే. నిరుటికీ ఇప్పటికీ ఊపిరితిత్తులు ఒకేలా ఉండి, చేసుకోగలిగే పనులు సగానికి పడిపోయాయంటే, ఆ తేడాకు కారణం వేరే చోట వెతకాలి. గుండె జబ్బు, రక్తహీనత, థైరాయిడ్ లోపం, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వంటివి ఉన్నాయేమో ముందు చూడాలి. అవేవీ లేకపోతే, లేదా ఉన్నా వాటితో తేడా మొత్తానికి సమాధానం దొరకకపోతే, మిగిలేవి సాధారణంగా మూడు: భయం, కండరాల బలహీనత, కుంగుబాటు. ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పెంచి పోషిస్తాయి.

అదెలాగో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైద్యం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. సీవోపీడీలో అసలు చిక్కు గాలి పీల్చుకోవడంలో కంటే వదలడంలో ఎక్కువ. గొట్టాలు సన్నబడటం వల్ల పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది. భయం వేసినప్పుడు మనిషి వేగంగా ఊపిరి తీస్తాడు, వేగం పెరిగేకొద్దీ వదలడానికి దొరికే వ్యవధి తగ్గిపోతుంది, లోపల గాలి పేరుకుపోతుంది. ఆ స్థితిలో ఇంకా గాలి పీల్చుకోవాలని చూడటం నిండిన కుండలో నీళ్ళు పోయడం వంటిది. ఛాతీ పట్టేసినట్టు అవుతుంది, ప్రాణం పోతుందేమోనన్న భయం వేస్తుంది, ఆ భయం ఊపిరిని మరింత వేగం చేస్తుంది. ఆసుపత్రిలో చేరాల్సిన స్థాయిలో ఒకసారి ఇది అనుభవించిన మనిషి, మళ్ళీ అది జరగకూడదని ఆయాసం తెప్పించే ప్రతి పనికీ దూరంగా జరుగుతాడు. మొదట మెట్లు ఎక్కడం మానేస్తాడు, తరువాత బయటికి వెళ్ళడం, ఆ తరువాత స్నానానికి లేవడం కూడా మానేస్తాడు. వాడని కాళ్ళ కండరాలు కొద్ది వారాల్లోనే సన్నబడతాయి. బలం తగ్గిన కండరం చిన్న పనికే త్వరగా అలిసిపోయి, ఊపిరితిత్తుల మీద ఎక్కువ భారం వేస్తుంది. దాంతో నిన్న ఆయాసం రాని పనికి ఇవాళ ఆయాసం వస్తుంది. ఊపిరితిత్తులు ఏమాత్రం చెడకపోయినా జబ్బు ముదిరిందనే ఆయనకు అనిపిస్తుంది. సంతోషాన్నిచ్చే పనులన్నీ ఒక్కొక్కటిగా జారిపోయాక మిగిలేది గది, మంచం, ఆలోచనలు. కుంగుబాటు అక్కడ వేళ్ళూనుకుంటుంది. కుంగిన మనసుకు మందు వాడాలన్న పట్టింపు ఉండదు, అందుకే పీల్చే మందు ఒక పూట పోతుంది, ఆయాసం నిజంగానే పెరుగుతుంది.

మీ అబ్బాయి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. అది ప్రేమతో అన్న మాటే. కానీ దిగులు సహజమేనన్న ఆ ఒక్క మాట వల్ల వైద్యం అందకుండా ఉండిపోయేవారు చాలామంది. సీవోపీడీ ఉన్నవారి మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంచుమించు నలుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ కుంగుబాటు లక్షణాలు కనిపిస్తున్నాయి. ఆ జబ్బు లేనివారితో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు. నిజమే, కుంగుబాటు ఎక్కువే. కానీ అదే జబ్బు మోస్తున్న మిగిలిన ముగ్గురికి అది రాలేదు కదా. కాబట్టి ఇది సీవోపీడీతో తప్పనిసరిగా వచ్చే భాగం కాదు, దాని పక్కన వచ్చి చేరే మరో జబ్బు, దానికి వేరుగా వైద్యం ఉంది. వదిలేస్తే నష్టం మనసుతో ఆగదు. కుంగుబాటు ఉన్న సీవోపీడీ రోగులు మందులు సరిగా వాడరు, మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరుతారు, వారి ఆయుర్దాయం కూడా తగ్గుతుందని అధ్యయనాలు చూపిస్తున్నాయి.

దుఃఖానికీ కుంగుబాటుకూ తేడా ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. అలసట, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం ఊపిరితిత్తుల జబ్బులోనూ కుంగుబాటులోనూ ఉంటాయి కాబట్టి వాటిని మాత్రమే నమ్ముకుంటే పొరబడతాం. వేటి మీదా ఇష్టం లేకపోవడం, మంచి వార్త విన్నా ముఖం విప్పారకపోవడం, తాను పనికిరానివాణ్ణన్న భావం, జరిగినదానికంతా తనదే తప్పన్న అపరాధ భావం, ఇక ఏదీ బాగుపడదన్న నిరాశ — ఇవి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లక్షణాలు కావు. ఇలాంటివి రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం ఉంటే కుంగుబాటుగా అనుమానించాలి. ఆయాసంతో బాధపడుతున్నా, మనవలు వచ్చినప్పుడు కాసేపు నవ్వగలిగిన మనిషి దుఃఖంలో ఉన్నాడు. ఎవరు వచ్చినా గోడవైపు తిరిగి పడుకునే మనిషికి వైద్యం కావాలి. వైద్యులు సాధారణంగా తొమ్మిది ప్రశ్నలున్న ఒక పత్రం ఇస్తారు. దానిలో 0 నుంచి 27 వరకు మార్కులుంటాయి, 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వివరంగా పరీక్షించాలి. ఆ పత్రం మీ ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరే నింపవచ్చు. వారు అడగకపోతే మీరే అడగండి. కొద్ది నిమిషాల సంప్రదింపులో ఊపిరి గురించి మాట్లాడటానికే సమయం సరిపోతుంది, మనసు సంగతి రోగి చెప్పడు, వైద్యుడు అడగడు. చాలా కేసుల్లో కుంగుబాటు బయటపడకపోవడానికి ఇంతకు మించిన కారణం లేదు.

ఆ రోజు ఆయన వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి, ఎందుకంటే కొన్ని మందులు కూడా మనసును కదిలిస్తాయి. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు నిద్రను చెడగొట్టి, చిరాకు గానీ దిగులు గానీ తెప్పించగలవు. వాటిని చాలా కాలంగా వాడుతున్నవారు వైద్యుల సలహా లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు, అది ప్రాణాపాయం. రోఫ్లుమిలాస్ట్ అనే మాత్ర కొందరిలో నిద్రలేమి, బరువు తగ్గడం, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుంది. మాంటెలుకాస్ట్ విషయంలో మనసుకు సంబంధించిన దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. థియోఫిలిన్, గొట్టాలను విప్పార్చే కొన్ని పీల్చే మందులు గుండెదడ, చేతుల వణుకు తెప్పిస్తాయి. అది ఆందోళనలాగే అనిపిస్తుంది. వీటిలో ఏదైనా ఆయన వాడుతున్నట్టయితే మీరుగా ఆపకండి, ఎప్పటి నుంచి వాడుతున్నారో, దిగులు ఎప్పుడు మొదలైందో తేదీలతో చెప్పండి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో కూడా చూడమనండి. అది 88 శాతం లేదా అంతకంటే తక్కువగా స్థిరంగా ఉంటే రోజుకు కనీసం 15 గంటల ఆక్సిజన్ అవసరమవుతుంది.

నిద్రమాత్రల సంగతి గట్టిగానే చెప్పాలి. మీ బంధువు ఇచ్చిన సలహా పాటించకండి. ఆందోళనకూ నిద్రకూ మామూలుగా ఇచ్చే బెంజోడయాజెపైన్ రకం మాత్రలు ఊపిరి తీయమని మెదడు ఇచ్చే ప్రేరణను మందగింపజేస్తాయి. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకునే స్థితిలో ఉన్న సీవోపీడీ రోగికి రాత్రిపూట అది ప్రమాదం. పెద్ద వయసులో తూలి పడిపోవడం, మతిమరుపు కూడా తోడవుతాయి. నొప్పికి గానీ ఆయాసానికి గానీ మార్ఫిన్ జాతి మందు వాడుతున్నవారికి ఈ రెండూ కలవడం మరీ ప్రమాదం. పైగా తెల్లవారుజామున మెలకువ రావడం కుంగుబాటు లక్షణాల్లో ఒకటి. కుంగుబాటు తగ్గితే చాలామందిలో ఆ నిద్ర దానంతటదే సర్దుకుంటుంది. ఆయన గట్టిగా గురక పెడుతుంటే, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే మాత్రం నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కోసం పరీక్ష చేయించాలి.

కుంగుబాటుకు ఇచ్చే మందులు నిద్రమాత్రల వంటివి కావు. నేడు ఎక్కువగా వాడే సెర్ట్రలైన్ వంటి మందులు మామూలు మోతాదులో ఊపిరిని అణచివేయవు, అలవాటుగా మారి మత్తులో ముంచవు. సీవోపీడీ ఉన్నవారిలోనే వాటిని ప్రత్యేకంగా పరీక్షించిన అధ్యయనాలు కొద్దివి, చిన్నవి. అందువల్ల స్వల్ప కుంగుబాటుకు వెంటనే మాత్రలు మొదలుపెట్టమని నేను సలహా ఇవ్వను. కుంగుబాటు ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ ఉంటే, చావు ఆలోచనలు వస్తుంటే, మందు అవసరమే. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, కొంచెం అలజడి ఉంటే భయపడి మానేయకూడదు. బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. ఈ వయసులో రక్తంలో సోడియం తగ్గే అవకాశం ఉంది కాబట్టి దాన్ని పరీక్షిస్తుండాలి. ఫ్లూవాక్సమైన్ అనే కుంగుబాటు మందు థియోఫిలిన్‌ను ఒంట్లో ప్రమాదకరంగా పెంచుతుంది. సిటాలోప్రామ్ అనే కుంగుబాటు మందు, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిసినప్పుడు గుండె లయ మీద కన్నేసి ఉంచాలి. అందుకే మానసిక వైద్యులకు ఊపిరితిత్తుల మందుల చీటీ, ఊపిరితిత్తుల వైద్యులకు మనసు మందుల చీటీ తప్పకుండా చూపించండి. ఇంకో సంగతి, ఈ మందులు కుంగుబాటుకు పనిచేస్తాయి గానీ ఆయాసానికి కాదు. కేవలం ఆయాసం తగ్గించడానికి మిర్టజపైన్ అనే కుంగుబాటు మందు ఇచ్చి చూసిన ఒక అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి, ఆయాసంలో మేలు కనిపించలేదు.

మాత్రల కంటే ముందు, లేదా వాటితో పాటు, నేను అందరికీ గట్టిగా చెప్పే వైద్యం ఊపిరితిత్తుల పునరావాసం. పేరు విని ఏదో యంత్రం అనుకుంటారు. నిజానికి ఇది వైద్యుల పర్యవేక్షణలో నడక, కాళ్ళకూ చేతులకూ వ్యాయామం, ఊపిరి తీసే పద్ధతులు, జబ్బు గురించిన అవగాహన కలిపి, వారానికి రెండు మూడుసార్లు, ఆరు నుంచి పన్నెండు వారాల పాటు సాగే శిక్షణ. ఇది దెబ్బతిన్న ఊపిరితిత్తులను బాగుచేయదు. అయినా ఆయాసం తగ్గుతుంది, నడవగలిగే దూరం పెరుగుతుంది, దిగులు, ఆందోళన కూడా తగ్గుతాయి, ఎందుకంటే నేను పైన చెప్పిన చక్రాన్ని అది కండరాల దగ్గర, భయం దగ్గర తెంపుతుంది. వైద్యుల కళ్ళెదుట ఆయాసపడి, రెండు నిమిషాల్లో అది తగ్గడం చూసిన మనిషికి, ఆయాసం వస్తే ప్రాణం పోదన్న సంగతి ఒంటికే తెలుస్తుంది. ఎన్ని ధైర్య వచనాలు చెప్పినా రాని నమ్మకం అది. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగు వారాల్లో మొదలుపెడితే మంచిదంటారు, అలాగని నాలుగు నెలల తరువాత మొదలుపెట్టినా ఆలస్యం కాదు. దగ్గరలో అలాంటి కేంద్రం లేకపోతే, ఫిజియోథెరపిస్టు చేత ఇంట్లో చేసుకునే వ్యాయామ క్రమం రాయించుకోండి.

ఇంట్లో ఈ లోపల నేర్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ముక్కుతో రెండు అంకెలు లెక్కించేంత సేపు గాలి పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి నాలుగు అంకెలు లెక్కించేంత సేపు నెమ్మదిగా వదలాలి. ఇది లోపల పేరుకున్న గాలిని ఖాళీ చేయిస్తుంది. కూర్చుని కొంచెం ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించుకుంటే ఊపిరి కండరాలకు ఆసరా దొరుకుతుంది. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను గాలి ముఖానికి, ముఖ్యంగా ముక్కు చుట్టుపక్కల తగిలితే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుంది, దీనికి శాస్త్రీయ ఆధారం ఉంది. ఇవన్నీ ఆయాసం లేని వేళ సాధన చేయించండి. ఊపిరాడని క్షణంలో కొత్త విద్య ఎవరికీ పట్టుబడదు.

మాటలతో చేసే చికిత్సలో ఆలోచనా ధోరణిని మార్చే పద్ధతి ఈ జబ్బులో కొంత మేలు చేస్తుంది. "ఆయాసం వచ్చిందంటే చచ్చిపోతాను" అన్న తీర్మానాన్ని చికిత్సకుడు ఆయనతోనే పరీక్షింపజేస్తాడు. ఆ చికిత్స దొరకకపోయినా దానిలోని ఒక భాగాన్ని మీరు మొదలుపెట్టవచ్చు. జబ్బుకు ముందు ఆయన ఇష్టపడిన పనుల్లో కూర్చుని చేయగలిగినది ఒకటి ఎంచుకోమనండి, దానికి రోజులో ఒక వేళ పెట్టండి. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగకూడదు. కుంగుబాటులో పని ముందు, ఉత్సాహం తరువాత.

"లేచి నడవండి" అంటే ఆయన కోప్పడుతుంటే, ఆ మాట ఆయనకు సోమరివన్న నిందలా వినిపిస్తూ ఉండవచ్చు. "ఈ రోజు వరండా దాకా వెళ్దామా, పొద్దున అయితే బాగుంటుందా, సాయంత్రమా" అని అడిగి నిర్ణయం ఆయనకు వదలండి. ఆయన చేసుకోగలిగిన పనులు ప్రేమతో మీరు చేసిపెట్టకండి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టినా పెట్టుకోనివ్వండి.

"చేజేతులా తెచ్చుకున్నాను" అన్న మాటకు, పొగకూ జబ్బుకూ సంబంధం లేదని బుజ్జగించకండి, ఆయన నమ్మరు. నిజమే చెప్పండి. పొగాకులోని నికోటిన్ బలమైన వ్యసనకారి. పొగ తాగిన అందరికీ ఈ జబ్బు రాదు, ఎన్నడూ తాగనివారికీ కట్టెల పొగ వల్ల, దుమ్ములో పనిచేయడం వల్ల, పుట్టుకతో వచ్చే లోపాల వల్ల ఇది వస్తుంది. మానేయడం వల్ల ఊపిరితిత్తులు క్షీణించే వేగం తగ్గుతుంది, ఐదేళ్ళ క్రితం ఆ కష్టమైన పని ఆయన చేశారు. శిక్ష అనుభవించడమే న్యాయమని నమ్మే మనిషి మందు మానేస్తాడు. మీ వారు ఒక పూట మందు వదిలేయడం వెనుక మతిమరుపు కాకుండా ఈ నమ్మకం ఉందేమో మెల్లగా కనుక్కోండి.

మీ గురించి ఉత్తరంలో ఒక్క మాటా లేదు. తెల్లవారుజామున ఆయన లేచి కూర్చున్నారని మీకు తెలిసిందంటే మీరూ మేలుకొనే ఉన్నారన్నమాట. దీర్ఘకాలిక జబ్బున్నవారిని చూసుకునేవారిలోనూ కుంగుబాటు తరచుగా వస్తుంది. వారానికి రెండు పూటలైనా మీ అబ్బాయి ఆయన దగ్గర ఉండేలా ఏర్పాటు చేసుకోండి. ఆయన కోసం అడిగిన తొమ్మిది ప్రశ్నలు మీరూ ఒకసారి జవాబు రాసి చూసుకోండి.

చివరగా ఒక జాగ్రత్త. కుంగుబాటు ఉందని తేలాక, ఆయనకు వచ్చే ప్రతి ఆయాసాన్నీ మనసు ఖాతాలో వేయకండి. ఆయాసం గంటల్లో పెరిగిపోవడం, కఫం ఎక్కువై పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు మారడం, జ్వరం, ఛాతీలో నొప్పి, ఒక కాలు వాచడం, పెదవులు నీలంగా మారడం, ఎన్నడూ లేని మగత, మాట తడబడటం కనిపిస్తే, రాత్రి ఎంత సమయమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడి వైద్యులకు ఊపిరితిత్తుల జబ్బుతో పాటు కుంగుబాటు మందుల పేర్లు, మోతాదులు కూడా చెప్పండి.